పొదుగు పెట్టెలో వేడి నిలవడం లేదు: ఆర్డుయినో, రెండు బల్బులు, అరవై గుడ్లు

పెరటికోళ్లు | జనవరి 6, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది పల్నాడు. పెరట్లో నాటుకోళ్లు పెంచుతున్నాం. పొదుగుకు వచ్చే పెట్టలు మనకు కావలసినప్పుడు దొరకవు. అందుకే ప్లైవుడ్ పెట్టె చేయించి, లోపల థర్మోకోల్ అతికించి, అరవై గుడ్లు పట్టే పొదుగు యంత్రం నేనే తయారుచేశాను. వేడికి రెండు 60 వాట్ల పాత రకం బల్బులు, గాలి తిప్పడానికి కంప్యూటర్ ఫ్యాను, ఉష్ణోగ్రతకు డీఎస్18బీ20 సెన్సర్, తేమకు డీహెచ్‌టీ22, అన్నింటినీ నడపడానికి ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రాము బోర్డు పెట్టాను. 37.5 డిగ్రీల కంటే తగ్గితే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) బల్బులను వెలిగిస్తుంది, దాటితే ఆర్పుతుంది.

సమస్య ఏమిటంటే వేడి 37.5 దగ్గర ఆగడం లేదు. 40.1 దాకా ఎక్కుతుంది, తర్వాత 36.2 దాకా దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఒక్కో చుట్టుకు తొమ్మిది నిమిషాలు పడుతోంది. మొదటి విడతలో అరవై గుడ్లకు పదిహేడు పిల్లలే వచ్చాయి. చాలా గుడ్లలో పిల్ల పూర్తిగా తయారై లోపలే చనిపోయింది. వాటిని పగలగొట్టి చూసినప్పుడు చాలా బాధ కలిగింది. పీఐడీ పెడితే, అంటే వేడి ఎంత తేడాగా ఉందో (పీ), ఆ తేడా ఎంత పోగయిందో (ఐ), ఎంత వేగంగా మారుతోందో (డీ) చూసి శక్తిని మార్చే లెక్క పెడితే సరిపోతుందని ఒక వీడియోలో చెప్పారు. అందులో ఇచ్చిన మూడు అంకెలు వేసి చూశాను, ఇంకా ఎక్కువ ఊగింది. సరైన అంకెలు ఎవరైనా చెప్పగలరా?

సోల్డర్_తీగ | జనవరి 6, రాత్రి 9:42

ఆ అంకెలు వాళ్ల పెట్టెకు సంబంధించినవి. మీ పెట్టె పరిమాణం, బల్బుల వాట్లు, గాలి వేగం అన్నీ వేరు. ఒకరి కళ్లజోడు ఇంకొకరికి పెట్టినట్టు ఉంటుంది. ముందు ఒక ఫొటో పెట్టండి. సెన్సర్ ఎక్కడ ఉందో చూడాలి.

పెరటికోళ్లు | జనవరి 6, రాత్రి 10:05

ఫొటో పెట్టాను. బల్బులు కింద ఎడమ వైపు, ఫ్యాను వాటి పక్కన, గుడ్ల ట్రే మధ్యలో ఉన్నాయి. సెన్సర్‌ను పైకప్పుకు కుడి మూలలో టేపుతో అతికించాను, తీగలు అడ్డం రాకుండా ఉంటాయని.

ల్యాబ్_మాస్టారు | జనవరి 7, ఉదయం 6:30

బాబూ, నేను పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చెప్పి రిటైరయ్యాను. అంకెల సంగతి తర్వాత చూద్దాం. మీ ఫొటోలోనే జవాబు ఉంది.

బల్బు వెలిగిన క్షణం నుంచి ఆ వేడి మూలనున్న సెన్సర్‌కు చేరేదాకా ఎంత సేపు పడుతోందో గడియారం పెట్టి చూడండి. ఆ ఆలస్యమే మీ అసలు శత్రువు. సెన్సర్ 37.5 చూపించేసరికి బల్బు దగ్గర గాలి ఎప్పుడో 40 దాటి ఉంటుంది. రిలే అప్పుడు ఆర్పుతుంది, కానీ దారిలో ఉన్న వేడి ఇంకా వస్తూనే ఉంటుంది. దిగేటప్పుడూ ఇదే జరుగుతుంది. పైకి 2.6 డిగ్రీలు, కిందికి 1.3 డిగ్రీలు పోతోందని మీరే రాశారు. పైకి పోవడం రెండింతలు ఉందంటే మీ బల్బులకు అవసరానికి మించిన బలం ఉందని అర్థం. నిలకడగా ఉంచడానికి వాటి శక్తిలో మూడో వంతు చాలు, మీరు ప్రతిసారీ మొత్తం పెడుతున్నారు.

సెన్సర్‌ను గుడ్ల ఎత్తులో, ఫ్యాను గాలి నేరుగా తగిలే చోట వేలాడదీయండి. గోడకు, కప్పుకు ఆనకూడదు. బల్బుకూ గుడ్లకూ మధ్య ఒక రేకు అడ్డం పెట్టండి. లేకపోతే బల్బు కాంతి నేరుగా సెన్సర్ మీద పడి, గాలిలో లేని వేడిని ఉన్నట్టు చూపిస్తుంది, గుడ్ల పైపెంకు కూడా కాలుతుంది. ఈ రెండూ చేసి, పాత రిలే పద్ధతిలోనే ఒక గంట నడిపి అంకెలు చెప్పండి. పీఐడీ జోలికి ఇప్పుడే పోవద్దు.

కోళ్లపాక | జనవరి 7, ఉదయం 8:15

మాస్టారు గారు చెప్పినదానికి గుడ్ల వైపు నుంచి కొంత కలుపుతాను. ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5 సరైనదే. చల్లదనం కంటే అతివేడి చాలా ప్రమాదం. పెట్ట కూడా మేతకు లేచి వెళ్తుంది, గుడ్లు కాసేపు చల్లబడినా తట్టుకుంటాయి. కానీ 40 దగ్గర గంటల తరబడి ఉంటే పిండం బతకదు. తేమ మొదటి 18 రోజులు 50 నుంచి 55 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70 శాతం ఉండాలి. మీ గుడ్లలో పిల్ల పూర్తిగా తయారై లోపలే చనిపోయిందంటే తేమ కూడా చూసుకోవాలి. రోజుకు కనీసం మూడుసార్లు గుడ్లు తిప్పండి, 18వ రోజు నుంచి ఆపేయండి.

పెరటికోళ్లు | జనవరి 8, రాత్రి 8:50

చేశాను. ముందు బల్బు వెలిగించాక సెన్సర్ కదలడానికి రెండు నిమిషాలకు పైగా పట్టేది. ఇప్పుడు ఒక నిమిషం. ఊగడం 36.9 నుంచి 38.6 మధ్యకు తగ్గింది, చుట్టు నాలుగు నిమిషాలు. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చలేదు! ఇన్నాళ్లూ ఎక్కడ వెతుకుతున్నానో ఇప్పుడు తెలిసింది.

దూరతీరం | జనవరి 8, రాత్రి 11:20

నేను జర్మనీలో కొలిమిల నియంత్రణ పని చేస్తాను. 900 డిగ్రీల దగ్గర కూడా మాకు ఇదే జరుగుతుంది. థర్మోకపుల్‌ను (కొలిమి వేడి కొలిచే సెన్సర్‌ను) ఒక జానెడు జరిపితే తీరే సమస్యకు వారం రోజులు అంకెలు మార్చుతూ కూర్చున్నవాళ్లను చూశాను.

ఇప్పుడు మీ పెట్టె పీఐడీకి సిద్ధంగా ఉంది. కానీ మామూలు రిలే పనికిరాదు. కొంచెం కొంచెం శక్తి ఇవ్వాలంటే బల్బులను రెండు సెకన్లకొకసారి ఆర్పి వెలిగించాలి. రోజుకు 43,200 సార్లు, 21 రోజులకు తొమ్మిది లక్షలు దాటుతుంది. ఆ నీలం డబ్బా రిలేలకు పూర్తి లోడు మీద ఇచ్చే ఆయుష్షు సాధారణంగా లక్ష సార్లు. సాలిడ్ స్టేట్ రిలే, అంటే కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్చి తెచ్చుకోండి, కరెంటు అల సున్నా దాటేటప్పుడు మారే రకం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి రెండు సెకన్లలో 200 అర్ధ చక్రాలు ఉంటాయి. అంటే శక్తిని అర శాతం మెట్లలో ఇవ్వవచ్చు. 120 వాట్లంటే అర ఆంపియరు మాత్రమే, దానికి హీట్‌సింక్ అవసరం రాదు.

సోల్డర్_తీగ | జనవరి 9, ఉదయం 7:55

పెరటికోళ్లు గారూ, అది పెట్టే ముందు ఒక హెచ్చరిక. సాలిడ్ స్టేట్ రిలే చెడిపోతే ఎక్కువగా కలిసిపోయిన స్థితిలోనే చెడుతుంది. అంటే బల్బులు ఆరవు. ఆర్డుయినో ఎంత తెలివిగా ఆపమన్నా వినదు. అందుకని దానికి వరుసలో మరో విడి థర్మోస్టాట్, దాని సొంత సెన్సరుతో, 38.8 దగ్గర లైను తెంచేలా పెట్టండి. మార్కెట్లో డబ్ల్యూ1209 అనే చిన్న బోర్డు చాలు. ఆర్డుయినోకూ దానికీ ఏ సంబంధమూ ఉండకూడదు. నీళ్ల పళ్లెం, 230 వోల్టులు ఒకే పెట్టెలో ఉన్నాయి, ఎర్త్ తప్పనిసరి.

ఇంకొకటి. డీఎస్18బీ20 తీగ ఊడితే లైబ్రరీ మైనస్ 127 అని చదువుతుంది. మీ ప్రోగ్రాము దాన్ని నిజమని నమ్మితే, భయంకరమైన చలి అనుకుని బల్బులు పూర్తిగా వెలిగిస్తుంది. గుడ్లు ఉడికిపోతాయి. అలాగే కరెంటు పోయి వచ్చినప్పుడు మొదటి రీడింగు 85 అని రావచ్చు, అది సెన్సర్ మేల్కొనేటప్పుడు దానిలో ఉండే విలువ. 20 కంటే తక్కువ, 45 కంటే ఎక్కువ ఏది వచ్చినా నమ్మకుండా వరుసగా మూడు చెడ్డ రీడింగులకు బల్బులు ఆర్పి బజరు మోగించండి. ప్రోగ్రాము ఎక్కడైనా ఇరుక్కుపోతే ఆర్డుయినోను మళ్లీ మొదలుపెట్టే వాచ్‌డాగ్ టైమర్‌ను కూడా తప్పక వాడండి.

పెరటికోళ్లు | జనవరి 9, మధ్యాహ్నం 1:30

ఆ మైనస్ 127 సంగతి చదివాక గుండె ఝల్లుమంది. మొదటి విడతలో ఒక రాత్రి పెట్టె 43 దాకా వెళ్లింది. ఉదయం చూస్తే సెన్సర్ తీగ వదులుగా ఉంది. అప్పుడు కారణం అర్థం కాలేదు.

ల్యాబ్_మాస్టారు | జనవరి 9, సాయంత్రం 5:10

మీరు ఇంకా కొలతను సరిచూసుకోలేదనుకుంటున్నాను. ఆ సెన్సర్ తయారీదారు మాటే అర డిగ్రీ అటూ ఇటూ అని. నకిలీలూ చాలా తిరుగుతున్నాయి. ఐసును బాగా నలగ్గొట్టి కొంచెం నీళ్లు పోసి అందులో ముంచితే సున్నా చూపాలి. తర్వాత ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు పోసి, మంచి డిజిటల్ జ్వరం థర్మామీటరుతో పక్కపక్కన పెట్టి చూడండి. మనకు కావలసిన 37.5 సరిగ్గా జ్వరం థర్మామీటరు కొలిచే పరిధిలోనే ఉంది, ఇంటింటా ఉండే ప్రామాణిక పరికరం అది. తేడాను ప్రోగ్రాములో కలిపేయండి.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతాను. వేడిని తనంతట తానే సరిదిద్దుకునే యంత్రాల్లో మనకు తెలిసిన తొలివాటిలో ఒకటి కోడిగుడ్లు పొదిగేదే. 17వ శతాబ్దం మొదట్లో కార్నెలిస్ డ్రెబెల్ అనే డచ్చి వాడు చేశాడు. వేడెక్కితే లోపలి ద్రవం ఉబ్బి, పాదరసాన్ని నెట్టి, పొయ్యికి గాలి వెళ్లే మూత మూసేది. చల్లబడితే తెరిచేది. విద్యుత్తు లేని రోజుల్లో! తరగతిలో ఫీడ్‌బ్యాక్ పాఠం ఎప్పుడూ నేను ఆ పొయ్యితోనే మొదలుపెట్టేవాణ్ని, ఆ తర్వాతే 1922లో మినోర్‌స్కీ ఓడ చుక్కానికి రాసిన పీఐడీ సమీకరణాల దగ్గరికి వెళ్లేవాళ్లం.

పెరటికోళ్లు | జనవరి 11, రాత్రి 9:00

ఐసులో 0.31 చూపింది, గోరువెచ్చని నీళ్లలో జ్వరం థర్మామీటరు కంటే 0.3 ఎక్కువ. సరిచేశాను. సాలిడ్ స్టేట్ రిలే, విడి థర్మోస్టాట్ రెండూ బిగించాను. గది 22 డిగ్రీలు ఉన్నప్పుడు బల్బులు 35 శాతం శక్తి మీద పెడితే వేడి దాదాపు 37.5 దగ్గరే నిలబడుతోంది. ఇప్పుడు పీఐడీ అంకెలు ఎలా కనుక్కోవాలి?

దూరతీరం | జనవరి 11, రాత్రి 11:45

ఆ 35 శాతమే మనకు కావలసిన ఆధారం. 1942లో జీగ్లర్, నికల్స్ అనే ఇంజనీర్లు పీఐడీ అంకెలకు ఇచ్చిన సూత్రాలు ఇప్పటికీ ఆరంభానికి మంచివి. కాకపోతే వాళ్ల పద్ధతిలో వ్యవస్థను ఊగే అంచుకు తీసుకెళ్లాలి. 1984లో ఓస్ట్రోమ్, హేగ్లండ్ అదే సమాచారాన్ని రిలేతో సురక్షితంగా రాబట్టే దారి చూపారు. మీరు ఇప్పటికే సగం చేసేశారు.

ఇలా చేయండి. 37.5 కంటే తక్కువైతే 55 శాతం, ఎక్కువైతే 15 శాతం శక్తి ఇచ్చే చిన్న ప్రోగ్రాము నడపండి. అంటే 35 మీద అటు ఇటు 20. వేడి ఊగడం ఒకే తీరుకు వచ్చాక అది ఎంత మేర ఊగుతోందో, ఒక్కో ఊపుకు ఎన్ని సెకన్లో రాయండి. ఖాళీ పెట్టెతో వద్దు, పనికిరాని గుడ్లో, నీళ్లు నింపిన చిన్న సీసాలో ట్రేలో పెట్టి చేయండి.

పెరటికోళ్లు | జనవరి 12, రాత్రి 8:20

అడుగు నుంచి పైదాకా 0.7 డిగ్రీలు. ఒక్కో ఊపు 240 సెకన్లు.

దూరతీరం | జనవరి 12, రాత్రి 11:10

చక్కగా వచ్చింది. ఊపులో సగం 0.35. నాలుగు రెట్లు 20, దాన్ని పై (3.14) గుణించు 0.35తో భాగిస్తే దాదాపు 73. ఇది అంతిమ గెయిన్, అంటే పెట్టె ఆగకుండా ఊగడం మొదలుపెట్టే పీ విలువ, అంచనాగా. పీ, ఐ, డీ మూడూ కావాలంటే పీ విలువ దానికి 0.6 రెట్లు, అంటే 44. ఐ సమయం ఊపులో సగం, డీ సమయం ఎనిమిదో వంతు, 30 సెకన్లు. కాబట్టి డీ విలువ 44 గుణించు 30, దాదాపు 1,300.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మీ సెన్సర్ అత్యంత సన్నని మెట్టు 0.0625 డిగ్రీలు. సెకనుకొకసారి చదువుతున్నారు. రీడింగు ఒక్క మెట్టు మారితే చాలు, డీ భాగం ఒక్కసారిగా 80 శాతానికి పైగా శక్తిని ఎగదోస్తుంది లేదా లాగేస్తుంది. అది వేడి మారినందుకు కాదు, అంకె గుండ్రం చేసినందుకు. బల్బులు పిచ్చెత్తినట్టు మిణుకుతాయి. మీరు వీడియోలో చూసి వేసిన అంకెలతో జరిగింది బహుశా ఇదే. అందుకని డీ వదిలేయండి. పీ, ఐ రెండే చాలు. పీ 0.45 రెట్లు, అంటే 33. ఐ సమయం 240ని 1.2తో భాగించి 200 సెకన్లు. 33ను 200తో భాగిస్తే ఐ విలువ 0.165.

కోళ్లపాక | జనవరి 13, ఉదయం 7:40

ఈ లెక్కలు నాకు పూర్తిగా అందలేదు కానీ, ఒకటి అడగాలి. గుడ్లు తిప్పడానికి తలుపు తీసినప్పుడు ఏమవుతుంది?

పెరటికోళ్లు | జనవరి 14, రాత్రి 9:30

కోళ్లపాక గారు అడిగిందే జరిగింది. అందరికీ భోగి శుభాకాంక్షలు, ముందు అది చెప్పి మొదలుపెట్టాల్సింది. మూసి ఉంచితే పెట్టె అద్భుతంగా ఉంది, 37.4 నుంచి 37.6 మధ్యే. కానీ తలుపు మూడు నిమిషాలు తీసి మూశాక వేడి 39.2 దాకా ఎగిరి, దిగడానికి పదిహేను నిమిషాలు పట్టింది.

ల్యాబ్_మాస్టారు | జనవరి 15, ఉదయం 6:15

కోళ్లపాక గారూ, నా విద్యార్థులు మూడో సంవత్సరంలో అడిగే ప్రశ్న మీరు అడిగారు. ఐ భాగం బాకీ లెక్క రాసే గుమాస్తా లాంటిది. తలుపు తీసి ఉన్న మూడు నిమిషాలూ సగటున నాలుగు డిగ్రీలు తక్కువ ఉంటే, ప్రతి సెకనూ 0.165 గుణించు 4 చొప్పున బాకీ రాసుకుంటుంది. 180 సెకన్లకు దాదాపు 119. బల్బులు అప్పటికే వందకు వంద వెలుగుతున్నాయి, ఇంకేమీ ఇవ్వలేవు. అయినా బాకీ పెరుగుతూనే ఉంది. తలుపు మూయగానే ఆ బాకీ అంతా వసూలు చేస్తుంది. అదీ మీరు చూసిన 39.2.

నివారణ సులభం. శక్తి 100 దగ్గరో 0 దగ్గరో తగిలి ఉన్నప్పుడు, తప్పును అదే దిక్కుకు ఇంకా కూడకుండా ఆపండి. దానికి తోడు తలుపుకు అయస్కాంతపు స్విచ్ పెట్టి, తలుపు తెరిచి ఉన్నంతసేపూ ఐ భాగాన్ని స్తంభింపజేసి, శక్తిని తలుపు తీయక ముందున్న విలువ దగ్గరే ఉంచండి. ఇక జీగ్లర్ అంకెలు కాస్త దూకుడుగా ఉంటాయి. గుడ్లకు దూకుడు వద్దు. పీ 20, ఐ 0.08 వేసి చూడండి.

పెరటికోళ్లు | జనవరి 18, రాత్రి 10:00

మూడూ చేశాను. తలుపు మూశాక ఇప్పుడు 37.8 దాటడం లేదు, ఆరు నిమిషాల్లో సర్దుకుంటోంది. మూడు రోజులు నీళ్ల సీసాలతో నడిపాను. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయి వచ్చింది, సెన్సర్ తీగ కావాలని ఊడదీసి చూశాను, బజరు మోగి బల్బులు ఆరాయి. రేపు ఉదయం అరవై గుడ్లు పెడుతున్నాను. మా అమ్మ పసుపు రాసి పెట్టమంది. గుడ్డు పెంకు ఊపిరి పీల్చుకోవాలని చెప్పి, పెట్టె తలుపుకు రాశాము.

పాలమూరు_పొలం | జనవరి 22, మధ్యాహ్నం 2:10

ఇదంతా ఆసక్తిగా చదువుతున్నాను. నేను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం వారి వనరాజా కోళ్లు పెంచుతున్నాను. ఇదే పెట్టె మే నెలలో పనిచేస్తుందా? మా షెడ్డులో 42 డిగ్రీలు ఉంటుంది.

సోల్డర్_తీగ | జనవరి 22, రాత్రి 8:30

పనిచేయదు. ఈ యంత్రానికి వేడి ఇవ్వడమే తెలుసు, తీయడం తెలియదు. గది 37.5 దాటితే శక్తి సున్నా దగ్గర కూర్చుంటుంది, ఏ అంకెలు వేసినా అంతే. నిజానికి ఫ్యాను, పిండాల సొంత వేడి కలిపి చూస్తే గది 32 లోపు ఉంటేనే నిశ్చింత. రెంటచింతల ఎండ తెలిసిన పెరటికోళ్లు గారికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. మట్టి గోడల ఇల్లో, కింది అంతస్తులో చల్లటి గదో చూసుకోండి, లేదా మార్చిలోపే పొదిగించుకోండి.

పెరటికోళ్లు | జనవరి 26, రాత్రి 9:15

ఏడో రోజు. చీకట్లో టార్చి ముందు పెట్టి చూశాం. తొమ్మిది గుడ్లు ఖాళీ, తీసేశాం. యాభై ఒక్క గుడ్లలో ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తున్నాయి. మా పాప ఒక్కో గుడ్డునూ లెక్కపెట్టింది.

పెరటికోళ్లు | ఫిబ్రవరి 6, ఉదయం 5:05

నిద్ర పట్టక లేచి రాస్తున్నాను. 18వ రోజు, ఇక గుడ్లు తిప్పడం ఆపాం. ఒక విచిత్రం గమనించాను, తప్పేమైనా ఉందేమో చూడండి. ప్రతి తెల్లవారుజామున నాలుగింటికి గది ఉష్ణోగ్రత, బల్బులకు వెళ్తున్న శక్తి రాసుకుంటున్నాను. నాలుగో రోజు గది 19 డిగ్రీలు, శక్తి 41 శాతం. ఈ రోజు కూడా గది 19 డిగ్రీలే, కానీ శక్తి 35 శాతం. పెట్టెలో వేడి మాత్రం 37.5. సెన్సర్ పాడవుతోందా?

ల్యాబ్_మాస్టారు | ఫిబ్రవరి 6, ఉదయం 5:40

సెన్సర్ బాగానే ఉంది. జ్వరం థర్మామీటరుతో ఒకసారి సరిచూడండి, నా మాట నిజమని తేలుతుంది. 120 వాట్లలో ఆరు శాతం అంటే ఏడు వాట్లు. ఆ ఏడు వాట్లు మీ యాభై ఒక్క పిల్లలవి. గుడ్డులో పిండం పెరిగేకొద్దీ సొంతంగా వేడి పుట్టిస్తుంది. చివరి రోజుల్లో ఒక్కో గుడ్డు వాటులో పదో వంతుకు పైగా ఇస్తుంది. ఐ భాగం ఆ వేడిని గమనించి, ఎవరూ చెప్పకుండానే బల్బుల వాటా తగ్గించుకుంటూ వచ్చింది. ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పాను, బోర్డు మీద సుద్ద గీతలుగా తప్ప ఇలా ఎప్పుడూ చూడలేదు. ఆ అంకెలు అన్ని రోజులవీ ఇక్కడ పెట్టండి బాబూ, దాచుకుంటాను.

కోళ్లపాక | ఫిబ్రవరి 6, ఉదయం 7:20

చదివి ఒళ్లు పులకరించింది. ఈ పూటే తేమ 65కు పెంచండి. పెంకు పగలడం మొదలయ్యాక ఎంత ఆశగా ఉన్నా తలుపు తీయవద్దు.

పెరటికోళ్లు | ఫిబ్రవరి 9, రాత్రి 11:30

నలభై నాలుగు. మొదటిది నిన్న రాత్రి పదింటికి పెంకు చీల్చింది, ఇంకా తడిగా ఉన్నవి రెండు ఆరుతున్నాయి. నిన్న సాయంత్రం నుంచి శక్తి ఇంకా తగ్గి 29కి వచ్చింది, బయటికి వచ్చిన పిల్లలు కదులుతుంటే గ్రాఫు చిన్నగా వణుకుతోంది. మాస్టారు గారూ, 21 రోజుల అంకెలూ ఒకే పట్టికగా కింద జతచేశాను. మధ్యలో జనవరి 30న రెండు గంటల ఖాళీ ఉంది, అప్పుడు కరెంటు లేదు.

రేపు పిల్లలను బ్రూడర్‌లోకి (పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలోకి) మార్చి ట్రేలు కడుగుతాను. తర్వాతి విడత పెట్టే ముందు సెన్సర్‌ను మళ్లీ ఐసులో ముంచి చూస్తాను, 0.31 అలాగే ఉందో మారిందో ఇక్కడే రాస్తాను.